ప్రశ్న ముందు, జంతువు తర్వాత: ఇమ్యూన్, ఇన్‌ఫ్లమేటరీ, ఇన్ఫెక్షన్ జబ్బుల పరిశోధనలో యానిమల్ మోడల్స్ వాడే పద్ధతి

"కొలైటిస్‌కి ఏ మోడల్ మంచిది?" ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు చాలామంది ముందుగా అడిగేది ఇదే. కొలైటిస్ అంటే పెద్దపేగు వాపు, మోడల్ అంటే ఆ జబ్బును పుట్టించి చూసే జంతువు. అలా అడిగితే జవాబు చెప్పలేం. దెబ్బతిన్న పేగు పొర ఎలా మానుతుందో చూడాలా, టి కణాలు (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం) సొంత పేగు మీద ఎందుకు తిరగబడతాయో చూడాలా అన్నది తేలితేనే మోడల్ తేలుతుంది. చిట్టెలుకలు తాగే నీళ్లలో డీఎస్ఎస్ అనే రసాయనం కలిపితే వారం లోపే రక్తవిరేచనాలు మొదలవుతాయి. పని సులువు, త్వరగా అయిపోతుంది, అందుకే ఎక్కువమంది దాన్నే అందుకుంటారు. కానీ టి కణాలు, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు అసలే లేని ర్యాగ్ చిట్టెలుకల్లో కూడా డీఎస్ఎస్ కొలైటిస్ వస్తుంది. మరి టి కణాలను అదుపు చేసే మందును ఇందులో పరీక్షించి "పనిచేయలేదు" అని రాస్తే ఏం తెలిసినట్టు? ఆ మందు పట్టుకోవాల్సిన కణాలు ఇక్కడ జబ్బును నడపడమే లేదు. అలాంటి మందుకు ర్యాగ్ చిట్టెలుకల్లోకి ఎంపిక చేసిన సిడి4 రకం టి కణాలను ఎక్కించే ట్రాన్స్‌ఫర్ మోడల్ కావాలి. దానికి వారాలు పడుతుంది, కానీ జవాబు దొరుకుతుంది.

జంతువు మీద ప్రయోగానికి నాకు తెలిసిన సమర్థన ఒక్కటే: వేరే దారిలో దొరకని జవాబు దాని నుంచి దొరకాలి. జవాబు రావడానికి వీల్లేని విధంగా ప్రయోగాన్ని కడితే, ఆ జంతువు పడ్డ బాధకు మన దగ్గర లెక్క ఉండదు. కింద రాసిన ప్రతి అడుగూ దాని కోసమే.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ఫలానా అణువును అడ్డుకుంటే, ఫలానా కణాల వల్ల జరిగే ఫలానా నష్టం, జబ్బు మొదలైన తర్వాత కూడా తగ్గుతుందా?" ఖాళీలన్నీ నింపగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్టే. "జబ్బు మొదలైన తర్వాత" అన్న మాటను వదిలేయకండి. పేషెంట్ డాక్టర్ దగ్గరికి వచ్చేది జబ్బు వచ్చాకే. జబ్బు పుట్టించడానికి ముందు రోజే మందు ఇచ్చి, తగ్గిందని చెప్పే ప్రయోగం నివారణ గురించి చెబుతుంది, చికిత్స గురించి చెప్పదు.

వాక్యం రాశాక, దీనికి జంతువు నిజంగా కావాలా అని అడగండి. రసెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లో చెప్పిన మూడు సూత్రాలు ఇప్పటికీ ఈ రంగానికి పునాది: వీలైతే జంతువుకు బదులు వేరే పద్ధతి వాడడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం. ఒక సైటోకైన్ (ఇమ్యూన్ కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రొటీన్) ఏ రిసెప్టర్‌కు అతుక్కుంటుందో మనిషి రక్తకణాల్లోనే చూడొచ్చు. పేగు పొర కణాల స్పందనను ఆర్గనాయిడ్స్‌లో (ల్యాబ్‌లో పెంచిన బుల్లి అవయవ నమూనాల్లో) చూడొచ్చు. కణాలు ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి ప్రయాణించడం, ఇన్ఫెక్షన్ ఒంట్లో పాకడం, ఇమ్యూనిటీ నెలల తరబడి నిలవడం లాంటివి చూడాలంటే మాత్రం ఇప్పటికీ ప్రాణమున్న శరీరమే కావాలి.

2. జబ్బులో మీకు ఏ ముక్క కావాలో దాన్ని చూపే మోడల్ తీసుకోండి

మనిషి జబ్బు మొత్తాన్ని చూపే జంతువు లేదు. ఒక్కో మోడల్ ఒక్కో ముక్కను చూపుతుంది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కీళ్లవాతానికి ఎక్కువగా వాడేది కొల్లాజెన్ మోడల్. డిబిఎ/1 జాతి చిట్టెలుకకు టైప్ 2 కొల్లాజెన్‌ను ఫ్రాయిండ్ అడ్జువెంట్ అనే, ఇమ్యూన్ స్పందనను రెచ్చగొట్టే మిశ్రమంలో కలిపి తోక మొదట్లో ఇస్తారు, 21వ రోజు బూస్టర్. ఆ తర్వాత పాదాలు వాస్తాయి. ఒక్కో పాదానికి 0 నుంచి 4 వరకు, మొత్తం 16కి స్కోర్ వేస్తారు. ఇందులో టి కణాలు, బి కణాలు, యాంటీబాడీలు అన్నీ పనిచేస్తాయి. యాంటీబాడీలు కీలులో చేరిన తర్వాత ఏం జరుగుతుందన్నదే మీ ప్రశ్న అయితే కె/బిఎక్స్ఎన్ సీరం ఎక్కించే మోడల్ మేలు. రోజుల్లోనే వాపు వస్తుంది, మొదటి సగం కథ పక్కకు పోతుంది.

ఇమ్యూన్ కణాలు మెదడు, వెన్నుపాము నరాల మీద దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే ఈఏఈ మోడల్‌లో బ్లాక్ 6 (సి57బిఎల్/6) జాతి చిట్టెలుకలకు నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరలోని ఎంఓజి పెప్టైడ్‌ను అడ్జువెంట్‌తో, దానికి తోడు పెర్టుసిస్ టాక్సిన్‌తో ఇస్తారు. 9 నుంచి 14 రోజుల మధ్య తోక వాలిపోతుంది, తర్వాత వెనక కాళ్లు పడిపోతాయి. జబ్బు తగ్గి మళ్లీ తిరగబెట్టడం చూడాలంటే ఎస్‌జెఎల్ జాతి, పిఎల్‌పి పెప్టైడ్ కావాలి. ఎంఓజి పెప్టైడ్‌తో వచ్చే ఈఏఈ, బి కణాలు లేని చిట్టెలుకల్లో కూడా వస్తుంది. అయితే మనుషుల్లో బి కణాలను తొలగించే ఒక్రెలిజుమాబ్ మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు 2017లో ఆమోదం పొందింది. ఈ ఒక్క మోడల్‌నే నమ్ముకుని ఉంటే ఆ దారి మనకు కనిపించేదే కాదు.

సోరియాసిస్ కోసం గొరిగిన వీపు మీద 5 నుంచి 7 రోజులు ఇమిక్విమాడ్ క్రీమ్ రాస్తారు. ఐఎల్-23, ఐఎల్-17 అనే సైటోకైన్ల దారిని చూడడానికి ఇది పనికొస్తుంది. చిట్టెలుకలు ఆ క్రీమ్‌ను నాకుతాయి, దాంతో ఒళ్లంతా ప్రభావం పడి బరువు తగ్గుతాయి. క్రీమ్‌లో మందు కాకుండా ఉన్న ఐసోస్టియరిక్ యాసిడ్ కూడా సొంతంగా ఇన్‌ఫ్లమేషన్ రేపుతుంది. కాబట్టి కంట్రోల్ గ్రూపుకు మందు లేని అదే క్రీమ్ రాయాలి, ఏదో ఒక మాయిశ్చరైజర్ కాదు. ఆస్తమాలో ఓవాల్బుమిన్, ఆలమ్ కలిపి పొట్టలోకి ఇచ్చే పాత పద్ధతి కంటే డస్ట్ మైట్ సారాన్ని నేరుగా ముక్కులో వేసే పద్ధతి మనిషికి జరిగేదానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితిలో, గొడవ ఎక్కువ. ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా విషాన్ని మనిషికి కిలోకు 2 నుంచి 4 నానోగ్రాములు ఇస్తేనే చలి, జ్వరం వస్తాయి. చిట్టెలుకలు కిలోకు మిల్లీగ్రాముల లెక్కలో ఇచ్చినా చాలాసార్లు తట్టుకుంటాయి. అందుకే సీకమ్‌ను (పెద్దపేగు మొదటి భాగాన్ని) కట్టి, సూదితో పొడిచి, పేగులోని బ్యాక్టీరియా బయటికి వచ్చేలా చేసే సర్జరీ మోడల్‌ను మెరుగైనదిగా చూస్తారు. కట్టిన పొడవు, సూది సైజు, రంధ్రాల సంఖ్య మారితే జబ్బు తీవ్రత మారిపోతుంది. పేషెంట్‌కు యాంటీబయాటిక్స్, సెలైన్ ఇస్తాం కదా, ఈ జంతువులకూ ఇవ్వాలి. చిట్టెలుకల ఇన్‌ఫ్లమేషన్ మనిషిని పోలి ఉండదని 2013లో ఒక పేపర్ వస్తే, అదే డేటాను వేరేలా విశ్లేషించి బాగానే పోలి ఉంటుందని 2015లో అదే జర్నల్‌లో ఇంకో పేపర్ వచ్చింది. రెండూ చదవండి. ఏ జన్యువులను లెక్కలోకి తీసుకున్నారన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

ఇన్ఫెక్షన్లలో మొదట చూడాల్సింది సూక్ష్మజీవి ఆ జంతువు కణంలోకి అసలు దూరగలదా అని. 2019లో వచ్చిన మొదటి రకం కరోనా వైరస్ చిట్టెలుక కణాల మీది ఎసిఇ2 రిసెప్టర్‌కు అతుక్కోలేదు. అందుకని మొదటి సార్స్ కోసం 2007లో తయారుచేసిన, మనిషి ఎసిఇ2 ఉన్న కె18 చిట్టెలుకలను మళ్లీ వాడారు. వాటిలో చావుకు పెద్ద కారణం వైరస్ మెదడులోకి చేరడం. మనిషిలో జరిగేది అది కాదు. సిరియన్ హామ్‌స్టర్‌కు మాత్రం ఏ మార్పూ చేయకుండానే న్యుమోనియా వస్తుంది, తర్వాత అది కోలుకుంటుంది.

ఇన్‌ఫ్లుయెంజాకు 1933 నుంచీ ఫెర్రెట్లే ఆధారం. వాటి శ్వాసనాళాల్లో వైరస్ పట్టుకునే రిసెప్టర్ల అమరిక మనకు దగ్గరగా ఉంటుంది, అవి తుమ్ముతాయి, పక్కదానికి అంటిస్తాయి. చిట్టెలుకకు ఫ్లూ వస్తే జ్వరం రాదు, ఒంటి వేడి పడిపోతుంది. క్షయలో బ్లాక్ 6, బాల్బ్/సి చిట్టెలుకల ఊపిరితిత్తుల్లో మనిషిలో లాగా మధ్యలో కుళ్లిన గడ్డలు ఏర్పడవు. ఆ గడ్డ లోపలికి మందు చేరుతుందా అన్నది ప్రశ్న అయితే సి3హెచ్ఇబి/ఎఫ్ఇజె చిట్టెలుక గానీ గినీ పిగ్ గానీ కావాలి. నిద్రాణ క్షయను చూడాలంటే సైనోమోల్గస్ మకాక్ కోతి దాకా వెళ్లాల్సి వస్తుంది. హెచ్ఐవి మామూలు చిట్టెలుకలకు సోకదు కాబట్టి సొంత టి, బి కణాలు లేకుండా మనిషి రక్త మూలకణాలు ఎక్కించిన ఎన్ఎస్‌జి చిట్టెలుకలనైనా, హెచ్ఐవికి దగ్గరి కోతి వైరస్ ఎస్ఐవి సోకే రీసస్ కోతులనైనా వాడతారు. బ్లాక్ 6లో ప్లాస్మోడియం బెర్గై ఆంకా ఎక్కిస్తే 6 నుంచి 10 రోజుల్లో మెదడు మలేరియా వస్తుంది. మామూలు మలేరియా మీద పనిచేసేవాళ్లకు అది తప్పు ఎంపిక.

3. స్ట్రెయిన్ పేరును చివరి అక్షరం దాకా చదవండి

స్ట్రెయిన్ అంటే చిట్టెలుకల జాతి. చర్మం మీద పుండ్లు తెచ్చే లీష్మానియా మేజర్ పరాన్నజీవి సోకితే బ్లాక్ 6 పుండు మాని కోలుకుంటుంది, బాల్బ్/సిలో పుండు పెరుగుతూనే ఉంటుంది. టిహెచ్1, టిహెచ్2 అనే రెండు రకాల టి కణ స్పందనల తేడా చాలావరకు ఇక్కడే అర్థమైంది. ఆ రెండు స్ట్రెయిన్లలోనూ ఎన్‌ర్యాంప్1 అనే జన్యువు లోపంతో ఉంటుంది కాబట్టి సాల్మొనెల్లా ఇస్తే రెండూ త్వరగా చనిపోతాయి. చాలా ల్యాబ్ స్ట్రెయిన్లలో ఫ్లూను అడ్డుకునే ఎంఎక్స్1 పనిచేయదు. బ్లాక్ 6లోనే జె, ఎన్ అని రెండు శాఖలున్నాయి. జె శాఖలో మైటోకాండ్రియాకు చెందిన ఎన్ఎన్‌టి జన్యువులో కొంత భాగం ఎగిరిపోయి ఉంటుంది. నాకౌట్ (ఒక జన్యువును తీసేసిన చిట్టెలుక) జె శాఖది, కంట్రోల్ ఎన్ శాఖది అయితే మీరు పోల్చేది ఒక్క జన్యువును కాదు.

అన్నిటికంటే గట్టి పాఠం కాస్పేస్-1 అనే ఎంజైమ్ జన్యువుది. ఆ నాకౌట్ చిట్టెలుకలు 129 స్ట్రెయిన్ మూలకణాల నుంచి తయారయ్యాయి. 129లో కాస్పేస్-11 పుట్టుకతోనే పాడై ఉంది. రెండు జన్యువులూ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉండడం వల్ల ఎన్ని తరాలు బ్యాక్‌క్రాస్ చేసినా (వేరే స్ట్రెయిన్‌తో మళ్లీ మళ్లీ జత కట్టించినా) విడిపోలేదు. కాస్పేస్-1 వల్లే అనుకున్న ఎల్‌పీఎస్ మరణాల్లో అసలు పాత్ర కాస్పేస్-11దని 2011లో తేలింది. అప్పటికి ఎన్నో ఏళ్ల పేపర్లు వచ్చేశాయి.

4. పేగులో ఏముందో పట్టించుకోండి

ఎస్ఎఫ్‌బి అనే ఒకే ఒక్క బ్యాక్టీరియా చిట్టెలుక చిన్నపేగులో టిహెచ్17 రకం టి కణాలను పుట్టిస్తుందని 2009లో తేలింది. ఒక కంపెనీ చిట్టెలుకల్లో అది ఉంటుంది, ఇంకో కంపెనీ వాటిలో ఉండదు. ఐఎల్-10 నాకౌట్‌లకు సూక్ష్మజీవులే లేని వాతావరణంలో కొలైటిస్ రాదు. టైప్ 1 డయాబెటిస్ వచ్చే ఎన్ఓడి చిట్టెలుకలకు ఎంత శుభ్రంగా పెంచితే అంత ఎక్కువగా జబ్బు వస్తుంది.

మా దగ్గర ఒకసారి నాకౌట్‌లను మేమే పెంచి, వాటితో పోల్చే మామూలు చిట్టెలుకలను బయటి నుంచి తెప్పించాం. డీఎస్ఎస్ ఇస్తే తేడా కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులతో మళ్లీ చేస్తే ఆ తేడా లేదు. మేం ఎనిమిది నెలలు కొలిచింది జన్యువును కాదు, పేగు బ్యాక్టీరియాను. అప్పటి నుంచి తోబుట్టువులు కాని కంట్రోల్స్‌తో ఏ ప్రయోగమూ మొదలుపెట్టలేదు. తోబుట్టువులు వీలుకాకపోతే కనీసం కొన్ని వారాలు ఒకే కేజ్‌లో ఉంచండి, లేదా కేజ్‌ల మధ్య బెడ్డింగ్ మార్చి కలపండి. చిట్టెలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి కాబట్టి సూక్ష్మజీవులు చాలావరకు కలుస్తాయి.

మరీ శుభ్రంగా పెంచడంతో ఇంకో చిక్కు ఉంది. ల్యాబ్ చిట్టెలుకల ఇమ్యూన్ వ్యవస్థ పెద్దవాళ్ల కంటే పసిబిడ్డను పోలి ఉంటుందని, పెట్ షాపు చిట్టెలుకలతో కలిపి ఉంచితే పెద్దవాళ్ల వైపు మారుతుందని 2016లో చూపించారు. వ్యాక్సిన్ మీద, మెమరీ టి కణాల మీద పనిచేసేవాళ్లు దీన్ని తప్పకుండా ఆలోచించాలి.

5. అనుమతులు, బయోసేఫ్టీ

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క జంతువును కూడా తెప్పించవద్దు. సూక్ష్మజీవికి తగ్గ బయోసేఫ్టీ స్థాయి జంతువుల గదికీ వర్తిస్తుంది. క్షయకు లెవెల్ 3. కొరికే జంతువు, సూది, సోకిన బెడ్డింగ్ మూడూ కణాల కల్చర్‌లో లేని ప్రమాదాలు, కాబట్టి శిక్షణ విడిగా తీసుకోవాలి.

6. ఎన్ని జంతువులు?

"గ్రూపుకు అయిదు" అన్న అలవాటును వదిలేయండి. రెండు గ్రూపుల సగటుల మధ్య తేడా ఒక స్టాండర్డ్ డీవియేషన్ అంత ఉంటే, 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం హద్దుతో (లేని తేడాను ఉందనుకునే అవకాశం) దాన్ని పట్టుకోవడానికి గ్రూపుకు 17 కావాలి. తేడా ఒకటిన్నర రెట్లయితే 8 లేదా 9 సరిపోతాయి. ఆ డీవియేషన్ ఎంతో మీ సొంత పాత డేటా నుంచి తీసుకోండి.

లెక్కలో చాలామంది తడబడేది యూనిట్ దగ్గర, అంటే విడివిడిగా చికిత్స పొందేది ఏదన్న దగ్గర. డీఎస్ఎస్ నీళ్లు కేజ్ మొత్తానికి ఒకే బాటిల్‌లో పెడతారు. అప్పుడు ఒక కేజ్‌కు మందు, ఇంకో కేజ్‌కు కంట్రోల్ అని పెట్టి ఒక్కోదాంట్లో అయిదు చిట్టెలుకలు ఉంచితే, మీ దగ్గర ఉన్నవి రెండు యూనిట్లే, పది కాదు. మందును సూదితోనో నోటి ద్వారానో ఇస్తుంటే ఒకే కేజ్‌లో రెండు గ్రూపులవీ ఉండేలా లాటరీ పద్ధతిలో కేటాయించండి. స్కోర్ వేసేవాళ్లకు ఏది ఏ గ్రూపో తెలియకూడదు. పాదం వాపుకు 2 వేయాలా 3 వేయాలా అన్న చోట మన ఆశ మన చేతిని నడిపిస్తుంది, ఎంత నిజాయితీపరులమైనా సరే. ఆడ, మగ రెండూ వాడండి. ఒక్కదాన్నే వాడితే ఎందుకో రాయండి.

7. పైలట్, తర్వాత అసలు ప్రయోగం

వచ్చిన జంతువులను కనీసం వారం రోజులు కుదురుకోనివ్వండి. ప్రయాణం టెన్షన్‌తో స్టెరాయిడ్ హార్మోన్లు పెరిగి ఇమ్యూన్ స్పందనే మారిపోతుంది.

డీఎస్ఎస్ 36 నుంచి 50 కిలోడాల్టన్ల రకం వాడతారు, సాధారణంగా 2 నుంచి 3 శాతం. బ్యాచ్ మారితే తీవ్రత మారుతుంది కాబట్టి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా చిన్న పైలట్ చేసి డోసు తేల్చుకోండి. ముక్కు ద్వారా ఇచ్చేటప్పుడు మత్తు ఇచ్చి 40 నుంచి 50 మైక్రోలీటర్లు వేస్తే ఊపిరితిత్తుల దాకా వెళుతుంది. మెలకువగా ఉన్నప్పుడు 10 మైక్రోలీటర్లే వేస్తే చాలావరకు ముక్కులోనే ఉండిపోతుంది. పేపర్‌లో వాల్యూమ్ రాయకపోతే ఆ ప్రయోగాన్ని ఎవరూ మళ్లీ చేయలేరు. ఇన్ఫెక్షన్ ఇచ్చాక మిగిలిన ద్రవాన్ని ప్లేట్ మీద వేసి, నిజంగా ఎన్ని బ్యాక్టీరియా ఇచ్చారో లెక్కపెట్టండి. ఏరోసాల్ క్షయలో అయితే మర్నాడే ఒకటి రెండు జంతువుల ఊపిరితిత్తుల్లో లెక్క చూడాలి. ఇచ్చే ప్రొటీన్‌లో ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్ లాంటి బ్యాక్టీరియా విషం) ఉందేమో పరీక్షించండి. అంగడి ఓవాల్బుమిన్‌లో అది తరచుగా ఉంటుంది.

నొప్పి మందుల విషయంలో భయం వద్దు. ఐబుప్రోఫెన్ తరహా మందులు ఇన్‌ఫ్లమేషన్‌నే తగ్గిస్తాయి కాబట్టి వాటి జోలికి వెళ్లకపోవచ్చు. బ్యూప్రెనార్ఫిన్ లాంటివి ఇమ్యూనిటీ మీద కొంత ప్రభావం చూపినా, అన్ని గ్రూపులకూ ఒకేలా ఇస్తే పోలిక చెడదు. చికిత్స లేని నొప్పి కూడా ఇమ్యూన్ వ్యవస్థను మారుస్తుందని గుర్తుపెట్టుకోండి.

8. రోజూ చూడడం, ఎక్కడ ఆపాలో ముందే రాసుకోవడం

బరువు రోజూ ఒకే వేళకు తూచండి. మొదటి బరువులో 20 శాతం తగ్గితే ఆపేయడం ఎక్కువ ల్యాబ్‌లు పాటించే హద్దు. వెన్ను వంచుకుని ఉండడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, తాకినా కదలకపోవడం, ఒంటి వేడి పడిపోవడం వీటన్నిటికీ స్కోర్ షీట్ పెట్టండి. సెప్సిస్, ఫ్లూ ప్రయోగాల్లో చావు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఏ ఒంటి వేడి దగ్గర జంతువు ఇక కోలుకోదో పైలట్‌లో తెలిసిపోతుంది, అదే ముగింపు గుర్తు. రాత్రి, సెలవు రోజు ఎవరు చూస్తారో, నిర్ణయం ఎవరిదో పేరుతో సహా గోడకు అంటించండి.

ఈఏఈలో కాళ్లు పడిపోయిన చిట్టెలుక పైనున్న మేతను అందుకోలేదు. నానబెట్టిన మేత నేల మీద పెట్టాలి, పొడుగు గొట్టం ఉన్న నీళ్ల బాటిల్ పెట్టాలి, మూత్రం రాకపోతే పొట్టను నొక్కి తీయాలి. ఇవి చేయకపోతే అది ఆకలితో, దాహంతో చిక్కిపోతుంది, మీరేమో దాన్ని జబ్బు తీవ్రతగా నోట్‌బుక్‌లో రాస్తారు.

9. కొలవడం

సైటోకైన్లకు టైం చాలా ముఖ్యం. ఎల్‌పీఎస్ ఇచ్చాక టీఎన్ఎఫ్ అనే సైటోకైన్ గంట, గంటన్నరకే శిఖరానికి చేరి దిగిపోతుంది. 24 గంటలకు రక్తం తీసి టీఎన్ఎఫ్ లేదనడం రైలు వెళ్లిపోయాక స్టేషన్‌కు వెళ్లడమే. 25 గ్రాముల చిట్టెలుక నుంచి ఒకసారి 200 మైక్రోలీటర్లకు మించి తీయకండి. ఊపిరితిత్తిని కరిగించి కణాలు లెక్కపెడితే అందులో చాలా భాగం రక్తనాళాల్లోనివే ఉంటాయి. చంపడానికి కొన్ని నిమిషాల ముందు రంగు కట్టిన సిడి45 యాంటీబాడీని రక్తంలోకి ఇస్తే, రంగు పట్టినవి నాళాల్లోవని, పట్టనివి కణజాలంలోవని తేలిపోతుంది. యాంటీబయాటిక్ పరీక్షలో పీసీఆర్ ఒక్కదాన్నే నమ్మవద్దు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా అందులో కనిపిస్తుంది, కాబట్టి కాలనీలు లెక్కపెట్టాల్సిందే.

10. మనిషి దాకా తీసుకెళ్లేటప్పుడు

2006 మార్చిలో లండన్‌లో టిజిఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఇచ్చారు. కోతులకు ఏ ఇబ్బందీ లేకుండా ఇచ్చిన డోసులో అది అయిదు వందల వంతు. గంటల్లోనే ఆరుగురికీ సైటోకైన్ తుఫాను వచ్చి అవయవాలు దెబ్బతిన్నాయి. అదృష్టవశాత్తూ అందరూ బతికారు. మనిషి ఎఫెక్టర్ మెమరీ టి కణాల మీద ఉండే, ఆ యాంటీబాడీ పట్టుకునే సిడి28 అణువు, ఆ కోతుల అదే రకం కణాల మీద లేదని తర్వాత తెలిసింది. మందు పట్టుకునే అణువు జంతువులో ఉందా అని చూస్తే చాలదు, అదే కణం మీద ఉందా అని చూడాలి. మనిషి రక్తకణాల్లో ఈ పని రోజుల్లో అయిపోతుంది.

ఈఏఈలో టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే జబ్బు తగ్గింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ పేషెంట్లకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే లెనర్సెప్ట్ ఇస్తే జబ్బు పెరిగిందని 1999లో ప్రచురించారు. అదే టీఎన్ఎఫ్‌ను కొల్లాజెన్ కీళ్లవాతంలో అడ్డుకున్న 1992 నాటి పని మాత్రం నేరుగా పేషెంట్ల దాకా వెళ్లి చికిత్సనే మార్చేసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ మందు నటాలిజుమాబ్ ఈఏఈ నుంచి వచ్చింది. ఎన్ఓడి చిట్టెలుకల్లో 1994లో మొదలైన యాంటీ-సిడి3 ఆలోచన, టెప్లిజుమాబ్ అనే మందుగా 2022లో ఆమోదం పొందింది. మోడల్ చూపిన ముక్కే మనిషిలోనూ జబ్బును నడుపుతున్న చోట ఫలితం వచ్చింది. అందుకే ఒకే మోడల్‌తో ఆగకుండా, వేరే మెకానిజం ఉన్న ఇంకో మోడల్‌లో కూడా చూడండి.

చిట్టెలుక డోసును మనిషికి మార్చేటప్పుడు బరువుతో గుణించి వదిలేయకండి. ఒంటి ఉపరితలం లెక్కన కిలోకు మిల్లీగ్రాములను సుమారు 12.3తో భాగించాలి. ఇది మామూలు మందులకు ఒక ప్రారంభ అంచనా మాత్రమే, యాంటీబాడీలకు వర్తించకపోవచ్చు.

పేపర్ రాసేటప్పుడు జంతు ప్రయోగాలను ఎలా రాయాలో చెప్పే, 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాల్లోని పది తప్పనిసరి అంశాలను పక్కన పెట్టుకోండి. స్ట్రెయిన్ పూర్తి పేరు, ఎక్కడి నుంచి తెచ్చారు, కేజ్‌కు ఎన్ని, లాటరీ ఎలా వేశారు, ఎవరికి గ్రూపు తెలియదు, ఎన్ని జంతువులను మధ్యలో తీసేశారు, ఎందుకు తీసేశారు, అన్నీ రాయండి. ఫలితం రాని ప్రయోగాన్ని కూడా ప్రీప్రింట్‌గానైనా బయట పెట్టండి. లేకపోతే ఇంకో ల్యాబ్‌లో ఇంకెవరో అవే జంతువులతో అదే ప్రయోగాన్ని మొదటి నుంచి చేస్తారు.